ఆధారం చూపాలి

— ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), ఆఖరు సంవత్సరం

సావనీరుకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని యూనియన్ మిత్రులు అడిగితే, టెలివిజన్ గురించి రాస్తానని ఒప్పుకున్నాను. "అందరూ సెల్లులో చూస్తుంటే ఇంకా టెలివిజన్ ఏమిటోయ్!" అని మా క్లాసులో ఒకడు నవ్వాడు. నవ్వనీండి. టెలివిజన్ ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు ఇంగ్లీషులో కావలసినన్ని ఉన్నాయి. అదే సంగతి తెలుగులో, అందరికీ ఉచితంగా దొరికేటట్టు రాసి పెట్టాలని కొందరం పూనుకున్నాం. ఆ పనిలో పడ్డ పాట్లు, ఆ పాట్ల మధ్య మా తాతకూ నాకూ వచ్చిన పేచీ, ఇదీ ఈ వ్యాసం. పేచీ ఇంకా తెగలేదు.

మాది నార్సింగి. గచ్చిబౌలి దాటి గండిపేట చెరువు వైపు పోతుంటే తగులుతుంది. 2018లో మున్సిపాలిటీ అయ్యేదాకా అది గ్రామపంచాయతీయే. నేడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మెడ విరిగేటంత ఎత్తు భవనాలు లేచి, మా పాత ఇల్లు వాటి కాళ్ల దగ్గర కూర్చున్నట్టుంటుంది.

ఇహ విషయానికి వస్తాను. తెలుగువాళ్లకు విజ్ఞాన సర్వస్వం అన్న మాట కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు వందేళ్లకు పైగా క్రితమే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, పండితులను కూడగట్టి, తానే ఎన్నో వ్యాసాలు రాసి, మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన కన్నుమూసే నాటికి అవి 'అ' అక్షరం దాటలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్లీ చేపట్టినా పూర్తి కాలేదు. 'ట' దాకా వచ్చినా లక్ష్మణరావు గారి సంపుటాల్లో టెలివిజన్ ఉండేది కాదనుకోండి. లండనులో బెయిర్డ్ తన యంత్రాన్ని పదిమందికీ చూపింది 1926లో గదా!

అక్షరక్రమంలో పోయే విజ్ఞాన సర్వస్వానికి ఆ చిక్కు ఉంది. వికీపీడియాకు అది లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఏ అక్షరంతోనైనా మొదలుపెట్టవచ్చు. జీతం లేదు, బత్తెం లేదు. ఇరవై ఏళ్లు దాటాక అది లక్ష వ్యాసాల మెట్టు ఎక్కింది. ఆ లక్షలో ఎన్నో ఊళ్లున్నాయి, సినిమాలున్నాయి, నటీనటులున్నారు. టెలివిజన్ మాటకొస్తే, తెర మీద కనిపించే వాళ్లను గురించి రాయడానికి చాలామంది ముందుకొస్తారు; ఆ బొమ్మ తెర మీదికి ఎలా వచ్చిందో రాయడానికి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. ఆ వేళ్లలో నేనొక చిటికెన వేలుని.

ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి పనికి వికీప్రాజెక్టులంటూ ఒక పద్ధతి ఉంది. ఒక విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒక పేజీ దగ్గర కూడి, ఏ వ్యాసం ముఖ్యమైంది, ఏది ఏ తరగతిలో ఉంది అని మార్కులు వేసుకుంటూ పోతారు. టెలివిజన్‌కూ అక్కడ అటువంటి ప్రాజెక్టు ఉంది. మా దగ్గర అంత బలగం లేదు. నలుగురైదుగురం ఒక జాబితా వేసుకున్నాం. లేని వ్యాసం పేరు ఎర్ర రంగులోను, ఉన్నది నీలం రంగులోను కనబడుతుంది. యాంటెన్నా, ట్రాన్స్‌మిటర్, పిక్చర్ ట్యూబు, పాల్ పద్ధతి, ఉపగ్రహ ప్రసారం, సెట్‌టాప్ బాక్సు అని ఎర్రెర్రగా ఓ దండ తయారైంది. దాన్ని నీలం చేయడమే మా పని. ఒకాయన రిటైర్డ్ ఇంజనీరు, ఒకామె స్కూలు టీచరు, మరొకరు ఎక్కడో అమెరికాలో ఉంటారు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఏదైనా తేలకపోతే 'రచ్చబండ' మీద పెడతాం. అందరూ మాట్లాడుకునే పేజీకి తెలుగు వికీపీడియాలో ఆ పేరే ఉంది. నాలుగు వాక్యాల పసి వ్యాసాన్ని 'మొలక' అంటారు. ఒకే పేరు రెంటికి ఉంటే 'అయోమయ నివృత్తి' పేజీ పెడతారు. ఈ పేర్లు పెట్టిన మహానుభావులెవరో గాని, నన్నీ పనిలోకి లాగింది సగం ఆ పేర్లే!

అయోమయం మాత్రం మొదటి రోజే ఎదురైంది. టెలివిజన్‌ని తెలుగులో ఏమనాలి? దూరదర్శిని అందామంటే టెలిస్కోపుకూ ఆ పేరే వాడుకలో ఉంది. దూరదర్శన్ అందామా, అది ప్రభుత్వ సంస్థ పేరు. చివరకు జనం నోట ఉన్న టెలివిజనే ఖాయం చేసి, తక్కిన పేర్లతో వెతికేవాళ్లు కూడా సరైన చోటికి చేరేటట్టు దారులు కట్టాం.

యంత్రం చేత అనువాదం చేయిస్తే పని తేలిక కాదా అని మీరు అడగవచ్చు. చేయించి చూశాం. మన దేశం అనుసరించిన పాత పద్ధతిలో తెర మీది బొమ్మ 625 అడ్డ గీతలుగా విడిపోతుంది. సెకనుకు 25 బొమ్మలు. కాని ఒక్కో బొమ్మనూ ఒకేసారి పై నుంచి కిందికి గీస్తే కంటికి మినుకుమినుకు మంటుంది. అంచేత మొదట 1, 3, 5 అంటూ బేసి గీతలన్నీ గీసి, మళ్లీ పైకి వచ్చి 2, 4, 6 అంటూ సరి గీతలు గీస్తారు. ఇలా ఒక్కో బొమ్మ రెండు సగాలవుతుంది. ఆ సగాన్ని ఇంగ్లీషులో ఫీల్డ్ అంటారు. సెకనుకు 50 ఫీల్డులన్న మాట. యంత్రం దాన్ని "సెకనుకు యాభై పొలాలు" అని తెలుగు చేసి పెట్టింది! తాతకు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వి, "మన నార్సింగిల పోయినయి గట్లనే" అన్నాడు. ఆయన నవ్వులో కొంత నవ్వు కానిది కూడా ఉంది. మాకున్న మూడెకరాలూ ఎప్పుడో పోయాయి.

ఆ మాటల్లోనే తాత, నా తలనొప్పికి మూలమైన ముక్క కూడా అన్నాడు. "టీవీ సంగతి నన్నడుగు రా. ఎమర్జెన్సీ అప్పుడే మన ఊరికి టీవీ వచ్చింది. బడి ముంగట ఇంత పెద్ద జాలి గొడుగు పెట్టిండ్రు. పొద్దుగూకినంక ఊరంత కింద కూసొని చూసినం."

నాకు ఒళ్లు ఝల్లుమన్నది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. తర్వాత చాలాకాలం దాకా అది కొద్ది నగరాల ముచ్చటే. నగరాలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పల్లెకు చేరేసరికి ఏ తరానికో గాని కుదరదు. ఏకంగా ఆకాశం నుంచి పల్లెకే పంపితే? విక్రం సారాభాయ్ ఆలోచన అది. 1969లో అమెరికా వారితో ఒప్పందం కుదిరింది. అది జరగడం చూడకుండానే ఆయన 1971 డిసెంబరులో పోయారు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మన వైపు తిప్పారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు సూటిగా ప్రసారాలు అందాయి. దీన్నే 'సైట్' ప్రయోగం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంచుకున్నవి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978లో కాబట్టి మా నార్సింగి అప్పట్లో హైదరాబాదు జిల్లాయే. పల్లెల్లో పెట్టిన సెట్లు తయారైంది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులోనే, ఈసీఐఎల్‌లో. కార్యక్రమాలు తీయడానికి ఒక కేంద్రం ఢిల్లీలో, ఒకటి కటక్‌లో, ఒకటి హైదరాబాదులో పెట్టారు. బొమ్మ ఒకటే, మాట రెండు: ఒకే దృశ్యానికి తెలుగు, కన్నడ మాటలను విడివిడిగా జోడించి పంపితే, ఇక్కడివారు తెలుగులో, అక్కడివారు కన్నడంలో విన్నారు.

తాత చెప్పిన జాలి గొడుగు అచ్చంగా ఆ ప్రయోగపు గుర్తు. మూడు మీటర్ల వెడల్పు గిన్నె, కోళ్ల గూళ్లకు కొట్టే జాలీతో చేసింది. నిండా చిల్లులున్న గిన్నెలో సంకేతం కారిపోదా అన్న సందేహం సహజమే. ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. ఆ ఉపగ్రహం 860 మెగాహెర్ట్‌జ్ దగ్గర పంపేది. కాంతి వేగాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. జాలీ కన్ను రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. అల పొడవుతో పోలిస్తే కన్ను బాగా చిన్నదైనప్పుడు ఆ అలకు జాలీ ఇనుప రేకులాగే ఉంటుంది. తగిలి వెనక్కి మళ్లి గిన్నె ముందున్న కొనకు చేరుతుంది. పైగా రేకుకంటే చవక, గాలికి ఎగిరిపోదు. నేడు మన డాబాల మీదున్న చిన్న డీటీహెచ్ గిన్నెలు చిల్లుల్లేకుండా ఎందుకుంటాయన్నది కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. వాటికి వచ్చే అల పొడవు రెండున్నర సెంటీమీటర్లే. కోళ్ల జాలీ పెడితే దూరి అవతలికి పోతుంది. ఈ రెంటికీ నడుమ, 1990ల నాటి కేబుల్ ఆపరేటర్ల పెద్ద గిన్నెలున్నాయి. వాటి అల ఏడున్నర సెంటీమీటర్లు కాబట్టి సన్న జాలీ సరిపోయేది. మా వీధిలో అలాంటిదొకటి ఇంకా ఉంది, దాని మీదికి బీర తీగ పాకించారు. నేను ఫొటో తీసి మా వ్యాసంలో పెట్టాను. ఎవరో తీసిన బొమ్మ తెచ్చి పెట్టకూడదు సుమా, హక్కుల పేచీ వస్తుంది. బీరకాయలతో సహా అది ఇప్పుడు విజ్ఞాన సర్వస్వంలో ఉంది.

సరే, తాత మాట వినగానే ఆ రాత్రే నార్సింగి పేజీ తెరిచి, "1975లో ఉపగ్రహం ద్వారా టెలివిజన్ ప్రసారాలు అందుకున్న పల్లెల్లో ఇది ఒకటి" అని రాశాను. పొద్దున లేచేసరికి వాక్యం పక్కన చిన్న అక్షరాలతో 'ఆధారం చూపాలి' అని ఉంది. వారానికి వాక్యమే లేదు. తీసేసింది మరెవరో కాదు, మా జాబితాలోని రిటైర్డ్ ఇంజనీరు గారే. చర్చా పేజీలో మర్యాదగా రాశారు: మీ తాతగారి మీద నాకు అనుమానం లేదు, కాని చదివేవాడు మీ తాతగారిని అడగలేడు గదా, అచ్చయిన ఆధారం ఏదైనా ఉంటే చూపండి, నేనే తిరిగి పెడతాను.

ఈ నియమం గురించి ఒక మాట. వికీపీడియాలో రాసేవాడు ఎవడో తెలియదు. ప్రొఫెసరు కావచ్చు, పదో తరగతి పిల్లవాడు కావచ్చు. అంచేత రాసినవాడిని బట్టి కాక, వాడు చూపిన పుస్తకాన్నో పత్రికనో బట్టి వాక్యం నిలుస్తుంది. సొంతంగా కనిపెట్టింది పనికిరాదు. న్యాయమైన నియమమే. కాని ఇంగ్లీషువాడికి ఈ నియమం ఒక రకంగా పనిచేస్తుంది, మనకు మరో రకంగా. వాడి ఊరి చరిత్ర నాలుగు పుస్తకాల్లో అచ్చయి ఉంటుంది. మన ఊళ్ల చరిత్ర నాలుగు నోళ్లలో ఉంటుంది. అదీ ఎన్నాళ్లు? బడి ముందు ఆ పెట్టె చూసిన పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి.

తాతకు సంగతి చెప్పడం నా తప్పు. "నా కండ్లతోని చూసిన. ఇంకేం ఆధారం కావాల్నట? నేను బతికుండంగనే నా మాటకు సాక్ష్యం అడిగెటోడు ఎవడు రా?" అని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి మూడు శనివారాలు వెళ్లాను. పాత పత్రికల బైండ్లు తిప్పితే వేళ్లకు పొడి అంటుతుంది. నేను తిరగేసిన మేరకు ప్రయోగం గురించి కనబడింది గాని, మా ఊరి పేరు తగల్లేదు. ఇంగ్లీషు నివేదికల్లో జిల్లాల పేర్లు దొరికాయి, ఊళ్ల పేర్లు దొరకలేదు. పైగా ఇంకో తిరకాసు గుర్తుకొచ్చింది. మెదక్ జిల్లాలోనూ ఒక నార్సింగి ఉంది, అదిప్పుడు మండల కేంద్రం. ప్రయోగం జరిగిన జిల్లాల్లో మెదక్ కూడా ఉందాయె! రేపు ఏ పాత కాగితంలోనో 'నార్సింగి' అని ఒట్టి పేరు దొరికినా అది మేమో, వాళ్లో! అయోమయ నివృత్తి అన్న మాటకు అర్థం నాకప్పుడు బోధపడింది.

ఇంజనీరు గారే ఒక ఉపాయం చెప్పారు. ఆధారం సంగతి తర్వాత, ముందు మీ తాతగారు చూసింది సైట్ ప్రయోగమేనా, దాని తర్వాతదా తేల్చుకోండి అన్నారు. 1976లో ఉపగ్రహం వెళ్లిపోయాక ఆ పల్లెలు కొన్నిటికైనా ప్రసారాలు ఆగకుండా నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. దాని ప్రసారాలు అందుకోవడానికి గొడుగు అక్కర్లేదు. పొడుగాటి గొట్టం మీద అడ్డంగా కడ్డీలు బిగించిన యాంటెన్నా చాలు. కడ్డీ పొడవు అల పొడవులో దాదాపు సగం ఉండాలి. 200 మెగాహెర్ట్‌జ్ దగ్గర అల ఒకటిన్నర మీటరు, కడ్డీ ముప్పావు మీటరు. దాన్ని కేంద్రం వైపు తిప్పాలి. మా నార్సింగి, పుప్పాలగూడ వైపంతా గుట్టలు, బండరాళ్లు గదా, అక్కడ తగిలి వచ్చిన అల సూటిగా వచ్చిన దానికన్నా ఆలస్యంగా చేరుతుంది. మూడు వందల మీటర్లు ఎక్కువ తిరిగి వస్తే ఆలస్యం ఒక మైక్రోసెకను. తెర మీద ఒక గీత కనబడే కాలం 52 మైక్రోసెకన్లు. అంటే అర మీటరు వెడల్పు తెర మీద ప్రతి మనిషికీ సుమారు ఒక సెంటీమీటరు పక్కన వాడి నీడ ఇంకొకటి నిలబడుతుంది. పైకెక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా? పోయిందా?" అని అరిచిన తరం మన నాన్నలది.

కాబట్టి ప్రశ్న సులువైంది. గొడుగైతే 1975, కడ్డీలైతే 1977 తర్వాత. తెల్లకాగితం మీద రెండు బొమ్మలూ గీసి తాత ముందు పెట్టాను. తాత ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గొడుగు మీద వేలు పెట్టాడు. అంతలో పప్పు చెరుగుతున్న నానమ్మ చాట పక్కన పెట్టి వచ్చి, కళ్లజోడు సవరించుకుని చూసింది.

"గొడుగు ఈడ లేదు. అది మా తల్లిగారి ఊళ్లె. పెద్దోడి కాన్పుకు పోయినప్పుడు చూసిన. ఈయన పిలగాన్ని చూడనీకి వచ్చి, పిలగాన్ని ఇడిచిపెట్టి టీవీ కాడ కూసున్నడు. మన ఊళ్లె బడి మీద పెట్టింది ఇదీ, చేప బొక్క లెక్క ఉన్నది."

నానమ్మ పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. మా పెదనాన్న పుట్టింది 1976 జనవరిలో. లెక్కకు లెక్క సరిపోతోంది. తాత మాత్రం ఒప్పుకోలేదు. "ఆడా చూసిన, ఈడా చూసిన" అంటాడు. ఒకటి మాత్రం నాకు అర్థమైంది. ఇంజనీరు గారు ఆ వాక్యాన్ని తీసేయకపోతే, అది పదిమంది కళ్లబడి, ఆ పదిమందీ ఇంకో చోట రాసి, చివరకు అదే ఆధారమై కూర్చునేది. అలాగని తాత మాట అబద్ధమని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. చూసినవాళ్లలో ఇద్దరు మా ఇంట్లోనే ఉండి ఏకం కాలేకపోతున్నారు.

ప్రస్తుతానికి నార్సింగి పేజీలో ఆ వాక్యం లేదు. సైట్ ప్రయోగం వ్యాసంలో జిల్లాల పేర్లు, తేదీలు, గొడుగు లెక్క ఉన్నాయి, ఒక్కొక్కదానికీ కింద ఆధారం ఉంది. ఆ వ్యాసం మొలక స్థాయి దాటింది. జాబితాలో పాల్ పద్ధతి ఇంకా ఎర్రగానే ఉంది, రంగుల సంకేతాన్ని తెలుగులో చెప్పడం నాకింకా చేతకాలేదు. ఎవరికైనా చేతనైతే మా విభాగానికి రండి, టీ ఖర్చు నాది.

ఈ సావనీరులో అచ్చయితే తాత మాట ఆధారం అవుతుందా అని ఇంజనీరు గారిని అడిగాను. అచ్చు అచ్చే గాని రాసింది నువ్వు, చెప్పింది మీ తాత, అచ్చువేసింది మీ స్నేహితులు, ఇదేం ఆధారమయ్యా అన్నారు. అని ఊరుకోలేదు. నానమ్మ ఊరి బడిలో ఆ కాలపు సామాను రిజిస్టరు ఉందేమో చూడు, పత్రికల వాళ్లెవరికైనా చూపితే వాళ్లు రాస్తారు, అప్పుడు మనం పెడదాం అన్నారు.

వచ్చే ఆదివారం నానమ్మ పుట్టింటికి పోతున్నాం. తాత రానన్నాడు. శనివారం రాత్రికల్లా చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టమని మాత్రం చెప్పాడు.